నీళ్లు పోయిన తోవనే కరెంటు పోయింది
సీలేరు నుంచి పాలేరు దాకా లెక్క తేలేదెన్నడు?

తిరుమలాయపాలెం మండలంలో ఏ రైతునైనా అడగండి, కరెంటు అంటే ఏమిటని. నీళ్లు అంటాడు. మరి నీళ్లు అంటే ఏమిటని అడగండి. కరెంటు అంటాడు. ఇది పొడుపుకథ కాదు. ఈ మండలం బతుకే ఇట్లా ఉంది. ఖమ్మం నుంచి వరంగల్ పోయే తోవలో ఉన్న ఈ నేల దశాబ్దాలుగా కరువు మండలమనే పేరు మోసింది. పక్కనే ఆకేరు ఉన్నా వానకాలం నాలుగు రోజులే ఉరుకుతుంది. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువకు చివరి కొసన ఉండడంతో గోదావరి నీళ్లు కాగితం మీదనే పారాయి. చెలకలో బోరు, బోరు మీద మోటరు, మోటరుకు కరెంటు: ఈ మూడింటిలో ఏది ఆగినా పంట ఎండిపోయినట్టే.

2016 ఫిబ్రవరి 16న భక్త రామదాసు ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరగకముందే, 2017 జనవరి 31న మోటర్లు తిరిగాయి. పాలేరు జలాశయంలోని నీటిని పైకి ఎత్తి పాలేరు నియోజకవర్గంలోని సుమారు 60 వేల ఎకరాలకు ఇచ్చే పథకమిది. తిరుమలాయపాలెం కాలువలో నీళ్లు కనబడ్డది దీనితోనే. సంతోషమే. అయితే ఆ సంతోషం వెనుక ఒక ప్రశ్న ఉంది. మోటర్లు తిరగాలంటే కరెంటు కావాలి, ఆ కరెంటు ఎక్కడిది? పాలేరులో నీళ్లుండాలి, ఆ నీళ్లు ఎక్కడివి? రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటికే తీసుకుపోతుంది. నది ఎవరి చేతిలో ఉందో కరెంటు మీటలు కూడా వాళ్ల చేతిలోనే ఉంటాయి.

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం నినదించాం. కరెంటు ఆ మూడింటిలో లేదనుకున్నవాళ్లున్నారు. కరెంటు అంటే తీగల వెంట పారే నీళ్లేనని ఇంకా గుర్తించనివాళ్ల కోసమే ఈ మాటలు.

ఒకే నీరు – అన్ని మెట్ల మీదా కరెంటు

కృష్ణమ్మ మన గడ్డ మీదికి రాగానే జూరాల దగ్గర 234 మెగావాట్ల కేంద్రం తిరుగుతుంది. ఆ దిగువనే దిగువ జూరాలలో మరో 240 మెగావాట్లు. అక్కడి నుంచి నీళ్లు శ్రీశైలం చేరతాయి. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, మొత్తం 900 మెగావాట్లు. కుడి గట్టున ఆంధ్రప్రదేశ్ చేతిలో 770 మెగావాట్లు. ఆ యంత్రాల్లోంచి దిగిన నీరు నాగార్జునసాగర్‌లోకి వస్తుంది. సాగర్ ప్రధాన కేంద్రం 815 మెగావాట్ల పైచిలుకు. నీటిని ఎడమ కాలువకు మళ్లించేటప్పుడు కాలువ మొదట్లో ఇంకో 60 మెగావాట్ల కేంద్రం ఉంది. ఆ కాలువ నల్లగొండ, సూర్యాపేట నేలలు దాటి వచ్చి కూసుమంచి మండలంలోని పాలేరు జలాశయంలో పడుతుంది. అక్కడి నుంచి కిందికి పోయే నీటి మీద 2 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. మనవైపు మళ్లిన నీళ్లు మాత్రం కరెంటు ఇవ్వవు, మోటర్ల మీద పైకెక్కి కరెంటు తాగుతాయి.

అంటే జూరాలలో యంత్రం తిప్పిన నీటిలోనే కొంత భాగం మెట్టు మెట్టుకూ కరెంటు పుట్టిస్తూ దిగివచ్చి, చివరికి తిరుమలాయపాలెం చెలకలో వరికర్రకు అందుతోంది. ఈ గొలుసులో ఏ ఒక్క కొలికి తెగినా మన మడి ఎండుతుంది. 2023–24లో కృష్ణా పరీవాహకంలో వానలు మొహం చాటేశాయి. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగికి నీళ్లివ్వలేకపోయారు. పాలేరులో మట్టం పడిపోయింది. మిషన్ భగీరథ తాగునీటికి కూడా పాలేరే దిక్కు కావడంతో సాగు మాట అటుంచి బిందెల గురించే భయపడాల్సి వచ్చింది. జలవిద్యుత్ పడిపోయిన ఏడాదే బోర్లు అడుగంటుతాయి, బోర్లు అడుగంటిన ఏడాదే మోటర్లు ఎక్కువ గంటలు నడుస్తాయి, కరెంటు ఎక్కువ కావలసి వస్తుంది. కరువు వచ్చిందంటే చేతిలోని కరెంటు తగ్గుతుంది, అవసరం పెరుగుతుంది. ఈ రెండువైపుల దెబ్బ తిన్నవాడికే దీని బాధ తెలుస్తుంది.

దింపితే 70 వేలు, ఎత్తితే లక్ష

ఇంజనీర్లు మాత్రమే చేయాల్సిన లెక్క కాదిది. ఇంటర్ చదివే పిల్లలు కూడా చేయవచ్చు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీరు. ఆ నీరు ఒక మీటరు కిందికి పడితే, యంత్రం నష్టాలు పోను సుమారు 70 వేల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే నీటిని ఒక మీటరు పైకి ఎత్తాలంటే, మోటర్ల నష్టాలు కలుపుకుని సుమారు లక్ష యూనిట్లు పోతాయి. దింపితే 70 వేలు, ఎత్తితే లక్ష. ఈ ఒక్క లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు, తెలంగాణ నీటి చరిత్ర మొత్తం అర్థమవుతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆనకట్ట కట్టి తూము ఎత్తితే నీళ్లు వాటంతట అవే పారతాయి. కరెంటు బిల్లు లేదు, కాలిపోయే స్టార్టరు లేదు, రాత్రి పూట బావి కాడికి పోయి పాము కాటుకు బలయ్యే రైతు లేడు. మనది దక్కన్ పీఠభూమి. నది లోయలో పారుతుంటే ఊళ్లు గట్ల మీద ఉంటాయి. మన చెలక తడవాలంటే నీళ్లు ఎక్కాలి. అందుకే ఇక్కడ లక్షలాది బోరు మోటర్లు, ఊరూరా ట్రాన్స్‌ఫార్మర్లు, వాడ వాడకూ ఎత్తిపోతలు. డెల్టా రైతుకు నీటిని సర్కారు కాలువ తెచ్చిపెట్టింది. తెలంగాణ రైతు సొంత అప్పుతో బోరు వేసుకున్నాడు, ఎండిపోతే ఇంకొకటి వేసుకున్నాడు. ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని తిరగేసి చెప్పారు. తెలంగాణ రైతు కరెంటు ఎక్కువ వాడుకుంటున్నాడు, సబ్సిడీ అంతా అక్కడికే పోతోందని లెక్కలు తీశారు. కాలువ నీళ్లకు అయ్యే సబ్సిడీ ఎవరి ఖాతాలో రాశారో మాత్రం చెప్పలేదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు వద్దన్నవాళ్ల మీద తుపాకులు పేలి ముగ్గురు ప్రాణాలు విడిచారు. కరెంటు రేటు పెరిగితే ముందుగా ఎండేది ఎవరి పొలమో అప్పటి పాలకులకు తెలియక కాదు.

బొగ్గు ఒక్కటే చాలదు

జలవిద్యుత్ పోతే పోయింది, మనకు సింగరేణి బొగ్గుంది కదా అనేవాళ్లున్నారు. బొగ్గుంటే పొయ్యి మండుతుంది. ఎసరు పెట్టడానికి నీళ్లేవి? థర్మల్ కేంద్రం అంటే పెద్ద ఎసరే. నీటిని ఆవిరి చేసి చక్రం తిప్పాలి, ఆ ఆవిరిని మళ్లీ చల్లార్చాలి. చల్లార్చడానికే ఎక్కువ నీళ్లు పోతాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో పెట్టిన నిబంధన ప్రకారం కూలింగ్ టవర్లున్న పాత కేంద్రాలు యూనిట్‌కు 3.5 లీటర్లకు మించి వాడకూడదు. ఆ లెక్కన 1000 మెగావాట్ల కేంద్రం ఏడాదంతా నిండుగా నడిస్తే ఒక టీఎంసీ పైగా నీళ్లు కావాలి. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో ఇప్పుడున్న అయిదు, ఆరు, ఏడు దశలు కలిపి 1800 మెగావాట్లు. ఆ గొంతు తడిపే నీళ్లకు ఆసరా యానంబైలు దగ్గరి కిన్నెరసాని జలాశయం. 407 అడుగుల పూర్తి మట్టం, 8.4 టీఎంసీల నిల్వ. పాల్వంచలో పొగగొట్టాలు లేచింది కిన్నెరసాని నీటిని నమ్ముకునే. నీళ్లు లేకపోతే సింగరేణి బొగ్గు పక్కనే ఉన్నా యంత్రం తిరగదు.

ఇది మన ఊహ కాదు. మరఠ్వాడాలోని పర్లి థర్మల్ కేంద్రాన్ని 2013లో నీళ్లు లేక ఆపేశారు. బొగ్గు ఉంది, కార్మికులున్నారు, నీళ్లు లేవు. 2016 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా కేంద్రం, గంగానది కాలువ పక్కనే ఉన్న 2100 మెగావాట్ల కేంద్రం, కాలువలో నీరు తగ్గి మూతపడింది. దేశంలోని 20 పెద్ద థర్మల్ విద్యుత్ సంస్థల్లో 14 సంస్థలు 2013 నుంచి 2016 మధ్య ఒక్కసారైనా నీటి కొరతతో యంత్రాలు ఆపుకున్నాయని వరల్డ్ రిసోర్సెస్ ఇనిస్టిట్యూట్ 2018లో తేల్చింది. గంగ ఒడ్డున ఉన్న కేంద్రానికే ఆ గతి పడితే కిన్నెరసాని ఎంత?

పాల్వంచ పేరెత్తితే ఇంకో సంగతి గుర్తు చేయక తప్పదు. 1969 ఉద్యమానికి నిప్పు రాజుకున్నది ఈ థర్మల్ కేంద్రం దగ్గరే. నీళ్లు ఇక్కడివి, బొగ్గు ఇక్కడిది, పొగ ఇక్కడి ఊపిరితిత్తుల్లోకి. ఉద్యోగాలు మాత్రం బయటివాళ్లకు. ముల్కీ నిబంధనలు కాలరాశారని స్థానికులు ఎదురుతిరిగారు. 1969 జనవరి 8న ఖమ్మంలో విద్యార్థి రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అక్కడి నుంచి ఆ మంట హైదరాబాద్ దాకా అంటుకుంది. విద్యార్థులారా, ఉద్యోగులారా, మన ఉద్యమం పుట్టింది ఒక కరెంటు కేంద్రం గేటు ముందు అనే సంగతి మరిచిపోవద్దు. సింగరేణి బొగ్గు రైళ్లెక్కి విజయవాడకూ ముద్దనూరుకూ పోయింది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికుడు తట్టా చెమ్మస్ కింద పెడితే రాష్ట్రం మొత్తం చీకట్లు కమ్మాయి. కరెంటు ఎవరి చెమటతో వెలుగుతోందో ఆ 42 రోజులు లోకానికి చెప్పాయి.

సీలేరు దగా

ఇక అసలు గాయం మాట. మాచ్‌ఖండ్ నది ఒడిశా సరిహద్దు కొండల్లోంచి దిగి సీలేరు అవుతుంది. బలిమెల, ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం. మెట్టు మెట్టున యంత్రాలు తిప్పి శబరిలో కలుస్తుంది. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460 మెగావాట్లు. మొత్తం 725. ఇందులో పెద్దన్న దిగువ సీలేరు. చింతూరు మండలం మోతుగూడెంలో 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు. 1970ల్లో అది కట్టినప్పుడు ఆ ఊరు ఖమ్మం జిల్లాది. 2014 దాకా ఖమ్మం జిల్లాదే. నాలుగు యంత్రాలు ఒక్క రోజు నిండుగా తిరిగితే కోటి యూనిట్ల పైన కరెంటు. బొగ్గు ఖర్చు లేదు, బూడిద లేదు. కట్టిన అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఇంత చవకైన కరెంటు మన జిల్లాలో మరొకటి లేదు.

2014 మే 29న, మన రాష్ట్రం పుట్టడానికి నాలుగు రోజుల ముందు, కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు, పట్టణం మినహా భద్రాచలం, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు. ఏడు మండలాల నేలను కోసి అవతలి రాష్ట్రంలో కలిపారు. ఆ రోజు తెలంగాణ బంద్ జరిగింది. ఎన్నికైన తెలంగాణ శాసనసభ ఒక్కసారి కూడా కూర్చోకముందే, దాని అభిప్రాయం అడగకుండానే నేల పోయింది. జూలైలో పార్లమెంటు దానికి చట్టం ముద్ర వేసింది. పొత్తిలి బిడ్డ చెయ్యి తీసి పక్కింటి వాకిట్లో పెట్టినట్టయింది.

ఎందుకు కలిపారని అడిగితే పోలవరం ముంపు అన్నారు. ముంపు ఊళ్లకు పునరావాసం ఒకే రాష్ట్రం చేతిలో ఉండాలన్నారు. సరే, వాదన కోసం ఒప్పుకుందాం. మోతుగూడెం కరెంటు కేంద్రం ముంపులో ఉందా? లేదు. ఉంటే అక్కడ ఆంధ్రప్రదేశ్ జెన్‌కో ఇంకో రెండు 115 మెగావాట్ల యూనిట్ల పని ఎందుకు పెట్టుకుంది? నీళ్లలో మునిగిపోయే చోట కోట్లు పోసి ఎవరైనా కొత్త యంత్రాలు బిగిస్తారా? ముంపు పేరు చెప్పి ముంపులో లేని కరెంటు కేంద్రాన్ని మూటగట్టుకుపోయారు. దీన్ని దగా అనక ఇంకేమనాలి?

అవతలి వాళ్లకు ఒక జవాబుంది. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాదే కదా, మాది మాకు వచ్చిందంటారు. వినాల్సిన మాటే. భద్రాచలం, చింతూరు వైపు నేల 1959లో ఖమ్మంలో కలిసిన సంగతి నిజం. మరి గోదావరికి ఇవతలి గట్టున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు? అవి హైదరాబాద్ రాష్ట్రపు నేల. చరిత్రే ప్రమాణమైతే వాటిని ఏ చరిత్ర పుటను చూపి తీసుకుపోయారు? రెండో మాట. దిగువ సీలేరు కట్టింది 1959 తర్వాత, ఉమ్మడి రాష్ట్రపు సొమ్ముతో. అందులో తెలంగాణ పన్నుల సొమ్ముంది, తెలంగాణ ఇంజనీర్ల, కూలీల చెమట ఉంది. సరిహద్దు గీత జరిపితే ఆస్తి మీద హక్కు కూడా చెరిగిపోతుందా?

విభజన చట్టం జెన్‌కో కేంద్రాలను అవి ఉన్న చోటును బట్టి పంచింది. ఎక్కడున్నది అక్కడికే. ఆ లెక్క రాసినప్పుడు దిగువ సీలేరు ఖమ్మంలో ఉంది. లెక్క రాసిన తర్వాత గీత జరిపారు. చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. పాత విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు కొనసాగాలి. వాడకాన్ని బట్టి తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం పంచారు. ఆ ప్రకారం సీలేరు కరెంటులోనూ మనకు సగానికి పైగా రావాలి. 2014 జూన్‌లో, రాష్ట్రం వచ్చిన నెలలోనే, ఆంధ్రప్రదేశ్ ఆ ఒప్పందాల రద్దుకు దిగింది. నేల తీసుకున్నారు, నీళ్లు తీసుకున్నారు, చట్టం ఇచ్చిన వాటాను కూడా ఎగ్గొట్టారు. కొత్త రాష్ట్రం చీకట్లో మగ్గుతుందని ముందు జోస్యం చెప్పినవాళ్లే ఆ జోస్యం నిజం కావడానికి పని చేశారు. తెలంగాణ చీకట్లో మగ్గలేదు, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చింది. అయితే సీలేరు పోయిన లోటును బయట కొన్న ఖరీదైన కరెంటుతో పూడ్చుకోవాల్సి వచ్చింది. ఆ భారం మన డిస్కంల నెత్తిన పడింది, అంటే మన నెత్తిన.

శ్రీశైలం కాడ జగడం ఎందుకు?

కృష్ణా మీద కూడా ఇదే కథ. శ్రీశైలం పుట్టిందే జలవిద్యుత్ ప్రాజెక్టుగా. 1963లో నెహ్రూ పునాది రాయి వేసింది కరెంటు కోసం. ఆ తర్వాత కరెంటు ప్రాజెక్టు నీటి పారుదల ప్రాజెక్టుగా మారింది. 1996లో 69వ నంబరు జీవో కనీస నీటిమట్టం 834 అడుగులంది. 2004లో 107వ నంబరు జీవో దాన్ని 854కు లేపింది. 2005లో 170వ నంబరు జీవో పోతిరెడ్డిపాడు తూములను 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచింది. మట్టం ఎత్తుగా ఉంచితే పోతిరెడ్డిపాడుకు నీళ్లందుతాయి. మరి ఆ మట్టం కింద ఉన్న నీటితో ఎడమ గట్టు యంత్రాలు తిరగొద్దంటే, సాగర్‌కు నీళ్లు దిగొద్దంటే, పాలేరుకు ఏం వస్తుంది? తిరుమలాయపాలెంకు ఏం వస్తుంది? ఎక్కడో రాసిన జీవోలోని 20 అడుగుల తేడా ఇక్కడి మడిలో అంగుళాల లెక్కన తేలుతుంది.

2020లో ఆంధ్రప్రదేశ్ రాయలసీమ ఎత్తిపోతలకు జీవో ఇచ్చింది. రోజుకు 3 టీఎంసీలు ఎత్తుతామంది. 2021 జూన్ చివరలో తెలంగాణ తన జలవిద్యుత్ కేంద్రాలన్నీ నిండుగా నడపాలని ఆదేశించింది. శ్రీశైలం, సాగర్, పులిచింతల యంత్రాలు తిరిగాయి. అవతలి ప్రభుత్వం కృష్ణా బోర్డుకు, సుప్రీంకోర్టుకు పోయింది. డ్యాముల మీద రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించారు. జూలై 15న కేంద్రం బోర్డుల పరిధి గెజిట్ ఇచ్చింది. రాయలసీమ రైతు కష్టం మనకు తెలియనిది కాదు, కరువు ముఖం ఎట్లా ఉంటుందో తిరుమలాయపాలెంకు ఎవరూ చెప్పనక్కర లేదు. మన తగాదా ఆ రైతుతో కాదు. పరీవాహకం దాటి నీళ్లు తరలించడం హక్కు అంటూ, పరీవాహకంలోనే కరెంటు తీసి నదిలోకే వదలడం నేరం అన్న పాలకులతో మన తగాదా.

ఆ ఎడమ గట్టు సొరంగంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచాయి. కేంద్రాన్ని కాపాడబోయి తొమ్మిది మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. కరెంటు బల్బు వేసినప్పుడల్లా తలచుకోవాల్సిన త్యాగమది. కరెంటు ఉద్యోగి అంటే బిల్లు వసూలు చేసేవాడు కాదు, నిప్పుకూ నీటికీ మధ్య నిలబడేవాడు.

మన పాలకులకూ ప్రశ్నలున్నాయి

అవతలివాళ్లను అడిగి ఊరుకుంటే సగం ఉద్యమమే. మన ఇంట్లో పాలకులను కూడా అడగాలి. రాష్ట్రం వచ్చాక గోదావరి ఒడ్డున మణుగూరులో 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం కట్టారు. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, పాత సబ్‌క్రిటికల్ పద్ధతిలో. ఎక్కువ బొగ్గు తాగే పద్ధతి అది. దేశమంతా సూపర్‌క్రిటికల్‌కు పోతుంటే మనం వెనక్కి ఎందుకు పోయాం? దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కృష్ణా నీటి మీద లేచింది. కొత్త కేంద్రాలకు యూనిట్‌కు 3 లీటర్లే పరిమితి అనుకున్నా, అది నిండుగా నడిస్తే ఏడాదికి మూడున్నర టీఎంసీల పైమాటే. ఆ నీటి ఖాతా ఎడమ కాలువ రైతుకు చూపించారా?

శ్రీశైలంలో యంత్రాలు తిప్పడం మన హక్కే. కానీ హక్కు ఉందని జలాశయం అడుగు కనబడేదాకా తిప్పితే, ఆ సంవత్సరం వాన పడకపోతే, రేపు పాలేరుకు ఏ నీళ్లు పంపుతారు? కరెంటు ఈ రోజుది, నీళ్లు రేపటివి కూడా. ఎత్తిపోతల ప్రారంభోత్సవానికి పెట్టిన శ్రద్ధ, ఆ మోటర్లకు ఏడాది పొడుగునా ఎంత కరెంటు పోతుంది, ఎన్ని రోజులు నీళ్లుంటాయి అన్న లెక్క మీద పెట్టలేదు. దుమ్ముగూడెం నుంచి గోదావరి నీళ్లను పాలేరుకు తెచ్చే సీతారామ ఎత్తిపోతలకు కూడా 2016 ఫిబ్రవరి 16నే పునాది పడింది. 2024 ఆగస్టు 15న పంపులు ప్రారంభించారు. ఖమ్మం ఉమ్మడి జిల్లాలో 6.74 లక్షల ఎకరాల ఆశ అది. గోదావరి వస్తే పాలేరుకు ఒక్క కృష్ణమ్మే దిక్కు అన్న బాధ తప్పుతుంది. అయితే ప్రతి టీఎంసీకీ, ప్రతి మీటరుకూ లక్ష యూనిట్లు. ఆ కరెంటు ఎక్కడి నుంచి తెస్తారో ఇప్పుడే చెప్పండి. సీలేరు మన చేతిలో ఉంటే ఈ ప్రశ్న ఇంత బరువుగా ఉండేది కాదు.

నీళ్లు తక్కువైతే ఒక కష్టం, ఒక్కసారే వస్తే ఇంకో కష్టం. 2024 సెప్టెంబరు 1 వరదలో ఆకేరు పొంగి మన మండలంలోని రాకాసితండాను ముంచింది. పాలేరు దగ్గర సాగర్ ఎడమ కాలువ తెగింది. పంట పోయింది, సామాను పోయింది, కాలువ బాగుపడేదాకా కిందివాళ్లకు నీళ్లు ఆగాయి. నదిని కరెంటు యంత్రంగా మాత్రమే చూసేవాళ్లకు నది ఇట్లాగే బుద్ధి చెబుతుంది.

అడవి బిడ్డల లెక్క ఎవరు రాస్తారు?

సీలేరు మీద, కిన్నెరసాని మీద, గోదావరి మీద లేచిన ప్రతి కేంద్రం కింద కోయగూడెం ఉంది, కొండరెడ్ల పల్లె ఉంది. హైటెన్షన్ తీగలు నెత్తి మీద గుయ్యిమంటూ పోతుంటే కింద గుడిసెలో కిరసనాయిలు బుడ్డితో ఏండ్లకు ఏండ్లు గడిపిన గూడేలెన్నో. ఇప్పుడు 960 మెగావాట్ల కరెంటు కూడా తీస్తామంటున్న పోలవరం, శబరి, గోదావరి ఒడ్డు గూడేలను ముంచబోతోంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు చేరినప్పుడు మనం చూశాం ఆ బాధ. పోలవరం పూర్తిగా నింపితే వెనుక నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పాలని భద్రాచలం అడుగుతూనే ఉంది. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు. రాముడి గుడికి ఆనుకుని ఉన్న ఈ ఊళ్లు తెలంగాణలో కలపమని మొరపెట్టుకుంటున్నాయి. చెత్త పారబోయడానికి కూడా భద్రాచలం పట్టణానికి చోటు లేకుండా చేశారు. రాష్ట్రాల తగాదాలో అడవి బిడ్డ ఎవరి లెక్కలోనూ లేడు. తెలంగాణ ఉద్యమం అన్యాయాన్ని ఎదిరించిందైతే, మన రాష్ట్రంలో జరిగినా అవతలి రాష్ట్రంలో జరిగినా ఆ గూడేల పక్షాన నిలబడాలి.

ఏం కావాలి?

ఒకటి: దిగువ సీలేరు కరెంటులో 53.89 శాతం వాటా, లేదా 2014 నుంచి పోయినదానికి పరిహారం. నేల తిరిగి రావడం పార్లమెంటు చేతిలో ఉంది, కరెంటు వాటా మాత్రం ఉన్న చట్టంలోనే ఉంది. దాన్ని అడగడానికి సిగ్గెందుకు?

రెండు: శ్రీశైలం జలవిద్యుత్ ప్రాజెక్టు అన్న మాట కాగితం మీద నిలబడాలి. ఎంత మట్టం దాకా కరెంటు, ఎంత నీరు సాగర్‌కు, ఎంత పాలేరు తాగునీటికి అన్నది వానకాలం మొదలు కాకముందే రాసి పెట్టాలి. ఎడమ గట్టు యంత్రాలు రెండు పనులూ చేయగలవు. కిందికి దించి కరెంటు తీయగలవు, వెనక్కి తిరిగి పైకి ఎత్తనూగలవు. పగలు ఎండ కరెంటుతో ఎత్తి సాయంత్రం దించుకునే పద్ధతిని పూర్తిగా వాడుకోవాలి.

మూడు: ప్రతి ఎత్తిపోతలకూ, ప్రతి థర్మల్ కేంద్రానికీ నీటి ఖాతా, కరెంటు ఖాతా రెండూ ఏటా ప్రజల ముందు పెట్టాలి. తిరుమలాయపాలెం రైతు తన కాలువలో పారిన నీటికి ఎంత కరెంటు పోయిందో తెలుసుకోవాలి, తన కరెంటుకు ఎంత నీరు పోయిందో కూడా తెలుసుకోవాలి.

నాలుగు: కిన్నెరసాని మీద, గోదావరి మీద లేచిన కేంద్రాల్లో మొదటి ఉద్యోగం ఆ నేల బిడ్డకే. 1969లో పాల్వంచ గేటు ముందు అడిగింది ఇదే. అయిదు దశాబ్దాలు దాటినా మళ్లీ అడగాల్సి రావడమే మన పాలకులకు సిగ్గుచేటు.

ఉద్యోగులారా, సబ్‌స్టేషన్లలో, కంట్రోల్ రూముల్లో రాత్రింబగళ్లు మేలుకునేది మీరే. అంకెలు మీ దగ్గరున్నాయి. ఆ అంకెలను ఫైళ్లలో మగ్గనివ్వకండి. విద్యార్థులారా, మీ చేతిలో క్యాలిక్యులేటర్ ఉంది. ఒక టీఎంసీ, ఒక మీటరు, 70 వేలు, లక్ష. ఈ నాలుగు అంకెలతో ప్రతి ప్రాజెక్టును, ప్రతి హామీని తూకం వేయండి. రైతులారా, మోటరు కాలిపోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌నే కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ వెనుక తీగను, తీగ వెనుక యంత్రాన్ని, యంత్రం వెనుక నదిని అడగండి.

రాష్ట్రం వచ్చింది. నీళ్ల లెక్క ఇంకా తేలలేదు. అది తేలనంత కాలం కరెంటు లెక్క తేలదు. సీలేరు నీళ్లు ఇవాళ కూడా మన పాత జిల్లా కొండల్లోనే దుంకుతున్నాయి. ఆ వెలుగులో మన వాటా మనకు దక్కేదాకా అడుగుతూనే ఉందాం.

జై తెలంగాణ!